18వ తేదీ మన సింగపూర్ తెలుగోళ్ళ సంక్రాంతి ప్రోగ్రాం: జరిపేదా, ఆపేదా? (వాలంటీర్లు అందరూ చూడండి)

పొద్దుట్నుంచి క్యాన్సిల్ చేద్దామని కొందరు, చేస్తే ఎట్లా అని కొందరు, ఫోన్లు ఎత్తలేక ఈడ రాస్తా ఉండా. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లకి వచ్చినోళ్ళలో తొక్కిసలాటై 6 మంది పోయినారు, మనలో సగం మంది ఆ వీధుల్లో తిరిగి పెరిగినోళ్ళమే, మనసు ఎవురికీ బాగలేదు. కానీ సింగపూర్‌లో హాలు ఖాళీగా పెడితే ఆ ఇండ్లకి ఏమి ఒరుగుతాది?

నా మాట జరపాలనే. డీజే వద్దు, ర్యాంప్ వాక్ వద్దు (అది మామూలప్పుడు కూడా వద్దనే అంటా, సరే ఆ పంచాయితీ తర్వాత). ముగ్గులు, గొబ్బెమ్మలు, పిల్లకాయలకి భోగిపండ్లు, అన్నాలు. మొదట ఒక నిమిషం నిలబడదాం, యాంకర్ తమ్ముడూ, స్పీచ్ పెట్టుకోవద్దు నాయనా.

ఇంకోటి, పిల్లల దగ్గరికొచ్చిన పెద్దోళ్ళు శానా మంది టీవీలో అదే వీడియో మళ్ళా మళ్ళా చూసి బెంగ పెట్టుకోని ఉండారు. ఉత్తగా "ఏం కాదులేమ్మా" అంటే నమ్మరు. దెబ్బలు తగిలినోళ్ళని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకి తీసకపోయినారు, 10న ఏకాదశికి ద్వారాలు తెరిచినారు, 19 దాకా దర్శనం పెట్టినారు, ఇట్లా జరిగింది జరిగినట్టు చెప్తే ధైర్యం వస్తాది.

ఊర్లో ఉన్న అక్క: నేను తిరుపతిలోనే ఉండాను కదా, మర్నాడు మా వీధిలో టీ అంగడాయన గ్లాసులు కడుగుతానే, దోవ అడిగిన అరవోళ్ళకి అరవంలోనే చెప్తా, "పాపని ఎత్తుకోమ్మా, నడిపించొద్దు" అని ఒకొకరికీ చెప్పినాడు. భయం ఉండాది, జనం మాత్రం వస్తానే ఉండారు. ఈడ అమ్మావాళ్ళకి రోజూ ఒక ఫోన్ చెయ్యండి, ప్రోగ్రాం ఫోటోలు పంపండి, అవి చూసుకోని కూర్చుంటారు.

ఫుడ్ టీం: చక్కెర పొంగలి, పితికిపప్పు కూర, గెణుసుగడ్డలు ఫిక్స్. అనపగింజలు దొరక్కపోతే అలసందలు, అడగొద్దు.

మళ్ళా నేనే: అక్కా థ్యాంక్స్. అన్నాల దగ్గర ఈసారి ఒకటే తలుపు తీసి అందర్నీ దాంట్లోకే తోసే పని వద్దు. తిరుపతిలో కూడా గేటు తీసేసరికి ఒక్కసారిగా తోసుకున్నారనే కదా అంటా ఉండేది. రెండు తలుపులూ తీద్దాం, కూపన్ల రంగుని బట్టి పంక్తులు పిలుద్దాం, పెద్దోళ్ళకి కూర్చున్న చోటికే వడ్డిద్దాం. వెనక తలుపు దగ్గరికి ఇద్దరు కావాల, మధ్యాన్నం అంతా కదలకూడదు. ఎవురు ఉంటారో రాత్రికల్లా కింద రాయండి.