‘వాల్‌పుర్గిస్‌నాఖ్ట్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: జర్మన్ పిల్లల కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. మంత్రగత్తెలు చీపుళ్లెక్కి బ్రోకెన్ కొండకు చేరే రాత్రిని అక్కడ ‘వాల్‌పుర్గిస్‌నాఖ్ట్’ అంటారు. ‘మంత్రగత్తెల రాత్రి’ అని రాశాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. పెద్దలు చెప్పండి.

జవాబు: ఒప్పుకోకపోవడమే సబబు అండీ. ఆ మాటలో మంత్రగత్తె లేనే లేదు, ఉన్నది ఒక సన్యాసిని. వాల్‌పుర్గా 8వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి జర్మనీ వెళ్లి, హైడెన్‌హైమ్ మఠానికి పెద్దగా ఉన్నారు. తర్వాత ఆమె అస్థికలను ఐఖ్‌స్టెట్‌కు చేర్చారు. ఆ జ్ఞాపకంగా మే 1 ఆమె పండుగైంది. చేతబడి సోకకుండా చూడమని జనం మొక్కుకున్నది కూడా ఆమెకే. ఆ పేరు తీసేస్తే సగం కథ పోతుంది. ‘వాల్‌పుర్గా రాత్రి’ అనండి.

అయితే ఇక్కడొక చిక్కుంది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. పండుగ మే 1 అంటే, పండుగ రాత్రి ఆ రోజు పొద్దుగూకాక వస్తుందనుకుంటాం. చర్చి లెక్కలో పెద్ద పండుగ ముందునాటి సాయంత్రమే మొదలవుతుంది. కాబట్టి ఇది ఏప్రిల్ 30 రాత్రి. తేదీతో పిల్లలను తికమక పెట్టకుండా, మన కథలు చెప్పే తీరులో ‘తెల్లవారితే పండుగ అనగా’ అంటే సరిపోతుంది.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి జర్మన్ కథలోని ‘హెక్సె’ అన్న మాటకు మంత్రగత్తె సరిపోతుందా? బాణామతి చేసేది అనమని ఒకరు సూచించారు.

జవాబు: దయచేసి వద్దు. బాణామతి మన పల్లెల్లో ఆడవాళ్లను కొట్టి చంపడానికి సాకుగా వాడిన మాట. ‘హెక్సె’ అన్న మాటకూ జర్మనీలో అలాంటి గతమే ఉంది. 16, 17 శతాబ్దాల్లో ఆ ముద్ర వేసి వేలమందిని కాల్చి చంపారు. పిల్లల కథకు మంత్రగత్తే నయం. అందగత్తెలో ఉన్న ప్రత్యయమే ఇందులోనూ ఉంది, చెవికి కటువుగా ఉండదు. కాకపోతే మన మాట ఆమె చేసే పని చెబుతుంది. హెక్సెకు పాత రూపం ‘హగజుస్సా’. అందులోని ‘హగ్’ అంటే కంచె. ఊరికీ అడవికీ నడుమ కంచె దగ్గర మసలే మనిషి నాకు అందులో కనిపిస్తుంది. ఆ మాట ఇప్పటికీ వాళ్ల ఇళ్లలో బతికే ఉంది. వంగి బిందె ఎత్తబోతే నడుము పట్టేసిందనుకోండి, దాన్ని ‘హెక్సెన్‌షుస్’ అంటారు, అంటే మంత్రగత్తె వేసిన దెబ్బ.

కొండ గురించి ఒక మాట. హార్ట్స్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైనది బ్రోకెన్, 1,141 మీటర్లు. ఏడాదిలో దాదాపు 300 రోజులు అక్కడ పొగమంచే. వాలుపొద్దు వీపుకు తగిలేలా శిఖరం మీద నిలబడితే, ఎదుటి మంచులో మన నీడే రాక్షసాకారంలో, తల చుట్టూ రంగుల వలయంతో కదులుతుంది. మీ కథలో మంచును వదలకండి.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: “తెల్లవారితే వాల్‌పుర్గా పండుగ అనగా, ఆ రాత్రి బ్రోకెన్ కొండ మీద మంచు దిగింది. మంచులోంచి మొదటి చీపురు పైకి లేచింది.”