వానలో బండి కరెంటు పోతోంది: వైరింగ్ కిట్ మొత్తం మార్చాలా, తప్పెక్కడుందో వెతకాలా?

పటమట_రైడర్:
అన్నలూ మా ఇంట్లో గొడవ మీరే తేల్చాలి. నాది 150 సీసీ ఇంజెక్షన్ బండి, బీఎస్6, పటమట నుంచి గుంటూరు రోజూ డ్యూటీకి వెళ్లొస్తా. మొన్న పెద్ద వానలో వారధి దాటి మంగళగిరి వైపు పోతుంటే ఉన్నట్టుండి మొత్తం ఆరిపోయింది, ఇంజిన్ ఒక్కటే కాదు, మీటరు, ఇండికేటర్లు, హారను, అన్నీ. పక్కకి తోసుకెళ్లి తాళం అటూ ఇటూ తిప్పితే వచ్చింది, కాజా టోల్‌గేట్ దగ్గర మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మర్నాడు ఎండ కాశాక చూస్తే ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. షాపుకి తీసుకెళ్తే అక్కడా బ్రహ్మాండంగా నడిచింది. ఆయనేమో వైరింగ్‌లో నీళ్లు దిగినయ్, కిట్ మొత్తం మార్చాలి, లేబర్‌తో కలిపి 5 వేలు దాటుద్ది అన్నాడు. మా బావమరిది మాత్రం ఎక్కడో ఒక్క కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ జాయింటు) తడిసుంటది, దానికి బండంతా విప్పుతారా అంటాడు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట_బాబాయ్:
కిట్ మార్చెయ్ తమ్ముడూ, ఆలోచించకు. వైరు లోపలికి తడి పాకితే రబ్బరు కింద రాగి నల్లబడిపోద్ది, పైకి చూస్తే కొత్త వైరులాగే ఉంటది. ఇవాళ ఒక కప్లర్ తుడుస్తావ్, వచ్చే వానకి ఇంకోటి. వెతికేవాడు గంటలు గంటలు వెతికి లేబర్ తీసుకుంటాడు, చివర్న దొరకలేదంటాడు. అన్నిటికీ మించి రాత్రిపూట హైవే మీద లారీల మధ్యలో లైట్లతో సహా ఆరిపోతే ఎట్టా? వెనకొచ్చేవాడికి నువ్వు కనపడవు.

ఆటోనగర్_ఎర్తు:
బాబాయ్ చెప్పిన ప్రమాదం నిజమే, ఆ బండి వానలో హైవే ఎక్కించొద్దు. కానీ తప్పెక్కడుందో తెలీకుండా కిట్ మారిస్తే ప్రమాదం పోయిందని ఎట్టా చెప్తారు? తాళం సెట్టులో కాంటాక్టులు అరిగి ఉంటే కొత్త కిట్ వేసినా అదే ఆరిపోవడం. తాళం కిట్‌లో రాదు, బ్యాటరీ రాదు, రెగ్యులేటర్ రాదు.

రైడర్ తమ్ముడు చెప్పినదాంట్లోనే సగం జవాబుంది, మీటరు కూడా పోయింది అన్నాడు చూడండి. ఇంజిన్ ఆగి మీటరు వెలుగుతుంటే అది కిల్ స్విచ్చో, సైడ్ స్టాండ్ స్విచ్చో, ప్లగ్ క్యాపో, ఏదో సెన్సార్ కప్లరో అయి ఉంటది, వెతకాల్సిన చోట్లు బోలెడు. ఒకేసారి అన్నీ పోయినయ్ అంటే అన్నిటికీ కరెంటు వెళ్లే ఒకే దారి తెగింది. బ్యాటరీ టెర్మినల్, ఫ్రేముకి వెళ్లే మెయిన్ ఎర్తు, మెయిన్ ఫ్యూజు హోల్డరు, తాళం, తాళం కింద ఉండే కప్లరు, అంతే. పైగా తాళం తిప్పితే వచ్చిందంటే నా అనుమానం ఆ చివరి రెండిటి మీదే. హ్యాండిల్ మెడ దగ్గర వైర్లు రోజంతా మెలికలు తిరుగుతుంటయ్ కాబట్టి లోపల పోగులు తెగేది కూడా ఎక్కువ అక్కడే. స్టార్ట్ చేసి హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పి చూడు, ఆగిందా దొరికినట్టే.

మిర్చియార్డు_కుర్రోడు:
ఇంత అవసరమా బ్రో, డబ్ల్యూడీ-40 డబ్బా కొని కప్లర్లన్నిటికీ కొట్టేయ్. నేను ప్రతి వానాకాలం ముందు అదే చేస్తా, ఒక్కసారీ ఆగలా.

ఆటోనగర్_ఎర్తు:
కుర్రోడా, అది నీళ్లని తోసేస్తది, దాని పుట్టుకే అందుకు, పేరులో డబ్ల్యూడీ అంటే కూడా అదే. కానీ పట్టిన చిలుం పోదు, కొన్నాళ్లకి ఆరిపోయి కాపాడేదీ ఉండదు. ఆకుపచ్చగా చిలుం ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, రబ్బరు సీల్ దగ్గర పల్చగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాయాలి. ఆ గ్రీజు కరెంటుని మోయదు, నీళ్లని ఆపడానికే. పిన్నులు బిగుతుగా కూర్చుంటే గ్రీజుని పక్కకి నెట్టుకుని లోహానికి లోహం తగులుద్ది. పిన్ను వదులైతే మాత్రం గ్రీజు ఎంత పూసినా లాభం లేదు.

ఇంకోటి, ఇప్పుడే అన్నిటికీ కొట్టేస్తే తప్పు తాత్కాలికంగా దాక్కుంటది. తర్వాత ఎవడు వెతికినా దొరకదు.

బ్రాడీపేట_బాబాయ్:
అదే నేననేది! ఎండలో దాక్కునే తప్పుని ఎట్టా పట్టుకుంటావయ్యా? వాన కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా?

ఆటోనగర్_ఎర్తు:
వాన మనమే కురిపించాలి బాబాయ్. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చిమ్మే స్ప్రే సీసా చాలు. బండి స్టాండు వేసి స్టార్ట్ చేసి ఒక్కో చోట తడిపి కాసేపు ఆగి చూడాలి. కింద నుంచి పైకి రావాలి, ఎందుకంటే పైన ముందు కొడితే ఆ నీళ్లు కారి కిందవన్నీ తడిసి ఏది ఆపిందో తెలీదు. సర్వీసింగ్ షెడ్డులో వాటర్ సర్వీసు పంపు మాత్రం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి బాగున్న సీళ్లలోంచి కూడా నీళ్లు దూరతయ్, ఉన్న ఒక్క తప్పుకి నాలుగు తోడవుతయ్. నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించేవాళ్లు ఇంకా ఉన్నారు, ఇంజెక్షన్ బండికి అట్టా చేస్తే వోల్టేజి ఎగబాకి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, పోయే ప్రమాదముంది.

వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూసినా ఒక మోసం ఉంది. వైరులో ఒక్క పోగు మిగిలినా ఊరికే మల్టీమీటరు పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తది, అది లాగే కరెంటు అంత తక్కువ. అదే దారిలో 21 వాట్ల బ్రేక్ బల్బు తగిలించు, దగ్గర దగ్గర రెండు ఆంపియర్లు లాగుద్ది, అప్పుడు కొలువు. బ్యాటరీ ప్లస్ దగ్గర మల్టీమీటరు ముల్లు ఒకటి, తాళం దాటాక వచ్చే వైరు దగ్గర ఇంకో ముల్లు. 0.2, 0.3 వోల్టుల దాకా పర్లేదు, ఒక వోల్టు దాటిందా ఆ మధ్యలోనే ఎక్కడో తినేస్తోంది. ఎర్తు వైపు కూడా ఇట్టాగే. షాపాయన బల్బు పెట్టి కొలిచి కిట్ మార్చమన్నాడంటే నేను నోరెత్తను. కొలవకుండా చెప్తేనే నా గొడవ.

సింగ్‌నగర్_తడిసినోడు:
ఎర్తు అన్నా, మీరు చెప్పేది వానకి సరే, వరదకి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు బండి సీటు దాకా బురద నీళ్లలో రోజుల తరబడి ఉంది. ఆ తర్వాత స్ప్రే సీసాలతో వెతుక్కుంటూ కూర్చుంటే జీవితం అయిపోద్ది, ప్రతి కప్లర్లోనూ ఒండ్రే. నేను కిట్, రిలేలు (పెద్ద లోడుకి కరెంటు ఆన్ ఆఫ్ చేసే చిన్న డబ్బాలు), స్విచ్చులు అన్నీ మార్పించా, ఇన్సూరెన్స్ ఫుల్ ఉంది కాబట్టి క్లెయిమ్ పెట్టుకున్నా, మా పక్కింటాయనకి థర్డ్ పార్టీ ఒక్కటే ఉండబట్టి మొత్తం చేతిడబ్బులే. నీళ్లలో మునిగిన బండికి ముందు సెల్ఫ్ కొట్టకూడదని కూడా అప్పుడే తెలిసింది, సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుద్దంట.

బ్రాడీపేట_బాబాయ్:
చూశావా.

ఆటోనగర్_ఎర్తు:
మునిగిన బండికి నేనూ కిట్టే అంటా, అందులో తేడా లేదు. రైడర్ బండి మునగలేదు, తడిసింది. గుంటూరులో మూడు వంతెనల కింద నిలిచిన నీళ్లలోంచి గానీ తోలావా తమ్ముడూ? ఇంకోటి, బయట ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు ఏమన్నా పెట్టించావా?

పటమట_రైడర్:
నీళ్లలోంచి తోలలేదన్నా. ఫాగ్ లైట్లు మాత్రం పోయినేడు పెట్టించా. వారంటీ ఇంకా ఉంది, అది పోద్దేమోనని భయం.

ఆటోనగర్_ఎర్తు:
ఇదిగో, ఇది మొదటి పోస్టులో రావాల్సిన ముక్క. చాలామంది తాళం వైరుకే కోత పెట్టి మెలేసి నల్ల టేపు చుడతారు. ఆ టేపు ఎండకి జిగురు వదిలేసి ఊడొస్తది, కోసిన చోట నీళ్లు దిగి రాగి పోగుల వెంట లోపలికి పాకతయ్. ట్యాంకు విప్పి అదొకసారి చూసుకో. వారంటీ సంగతి నిజమే, వైర్లు కోసి ఉంటే కంపెనీ వాళ్లు వైరింగ్‌కి ఒప్పుకోకపోవచ్చు.

పటమట_రైడర్:
ఆదివారం పొద్దున మా బావమరిదీ నేనూ కూర్చున్నాం. ప్లగ్గు వైపు తడిపితే ఏం కాలా, ఫ్యూజు బాక్సు దగ్గరా ఏం కాలా, తాళం కింద కప్లరు తడిపాక ముందు మీటరు మినుక్కుమని, హ్యాండిల్ ఎడమకి తిప్పగానే మొత్తం పోయింది. విప్పితే ఒక పిన్ను కాలి గోధుమరంగు తిరిగింది, పక్క పిన్ను మీద చిలుం. ఫాగ్ లైట్ల వైరు సరిగ్గా ఆ కప్లరుకి జానెడు దూరంలో మెలేసి టేపు చుట్టి ఉంది. బల్బు పెట్టి కొలిస్తే 1.8 వోల్టులు అక్కడే పోతున్నయ్.

బ్రాడీపేట_బాబాయ్:
దొరికింది, సంతోషం. అయినా ఆ ఫాగ్ లైట్ల లోడు ఇన్నాళ్లు అదే వైరు మోసింది కదా, ఆ వైరు ఎంత పొడుగునా వేడెక్కి ఉంటదో. నేనైతే ఇప్పటికీ మార్చేవాణ్ణే.

ఆటోనగర్_ఎర్తు:
దీంట్లో పాయింటుంది బాబాయ్. టేపు విప్పి ఆ ఒక్క వైరు పొడుగునా చూడు తమ్ముడూ, రబ్బరు గట్టిపడి పెళుసుగా ఉన్నంత మేర కోసి అదే లావు కొత్త వైరు వేయించు. కప్లరు కొత్తది, పిన్నులు కొత్తవి, పాతవాటిని ఉప్పుకాగితంతో రుద్దితే పైపూత పోయి ఇంకా త్వరగా చిలుం పడతది. ఫాగ్ లైట్లకి బ్యాటరీ నుంచి నేరుగా వేరే ఫ్యూజు, రిలే. కప్లరు కట్టేటప్పుడు వైరు కాస్త కిందికి వేలాడి పైకి లేచేట్టు చూడు, కారే నీళ్లు ఆ వంపులోంచి కింద పడిపోతయ్.

మిర్చియార్డు_కుర్రోడు:
ఆ కప్లరు, పిన్నులు విడిగా ఎక్కడ దొరుకుతయ్ అన్నా? గుంటూరులో అడిగితే కిట్ మొత్తమే అమ్ముతాం అంటున్నారు.

ఆటోనగర్_ఎర్తు:
మన ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ సామాను అమ్మే కొట్లలో అడుగు, సీల్ ఉన్న రకమే కావాలని చెప్పు. పాత కప్లరు వెంట తీసుకెళ్లు, ఫోటో చూపిస్తే పిన్ను సైజు తేడా వచ్చిద్ది.