కందిపప్పుకి విజిల్స్ లెక్కపెట్టాలా, నిమిషాలు చూడాలా?

కొత్తకాపురం:
మా అమ్మ 5 లీటర్ల కుక్కర్లో కందిపప్పు పెట్టి నాలుగు విజిల్స్ రానిస్తే వెన్నలా ఉడికేది. ఈమధ్య హైదరాబాద్ శివార్లలో ఇల్లు మారాం, కొత్తగా 3 లీటర్లది కొన్నాం. అవే నాలుగు విజిల్స్ ఏడు నిమిషాల్లో అయిపోతున్నాయి, మూత తీస్తే పప్పు బద్దబద్దగానే ఉంటోంది. అత్తగారేమో ఇంకో రెండు రానివ్వమంటారు. అమెరికాలో ఉన్న తోటికోడలు విజిల్స్ లెక్కే తప్పు, నిమిషాలు చూడమంటుంది. ఎవరి మాట వినాలి?

ఆవిరిబండి:
మీ తోటికోడలిదే రైటు. మూత మీది వెయిట్ గడియారం కాదండీ. ఆవిరి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో పెరిగేదాకా అది కదలదు. అప్పటికి లోపలి నీళ్ళు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి. అది దాటితే వెయిట్ లేచి మిగులు ఆవిరిని వదిలేస్తుంది, మనకి వినిపించే కూత అదే. అంటే ఎంత మంట పెట్టినా లోపల వేడి అంతకు మించి పెరగదు. పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో మూడు కూతలు రావచ్చు, సిమ్‌లో పెడితే పది నిమిషాలకీ ఒక్కటి రాకపోవచ్చు. పప్పు రెండో పద్ధతిలోనే బాగా ఉడుకుతుంది. మీరు లెక్కపెడుతున్నది పప్పు ఉడుకు కాదు, గ్యాసు ఖర్చు.

పప్పుగుత్తి:
నలభై ఏళ్ళుగా విజిల్స్ మీదే వండుతున్నాను నాయనా, ఒక్కరోజూ పప్పు పలుకుగా దిగలేదు. అదే పొయ్యి, అదే కుక్కరు, అదే గ్లాసుతో కొలిచిన పప్పు. ఇన్ని ఒకేలా ఉన్నప్పుడు కూత గడియారం ఎందుకు కాదు? పెరట్లో బట్టలారేస్తున్నా వినిపిస్తుంది. నీ ఫోన్లో టైమరు పెట్టుకోవాలంటే ముందు తడి చెయ్యి తుడుచుకోవాలి!

మూడోఅంతస్తు:
పిన్నిగారూ, పెరడున్న ఇంట్లో ఆ మాట నిజమే. మా అపార్ట్‌మెంట్లో నిన్న పక్క ఫ్లాట్ వాళ్ళ విజిల్స్ కూడా కలిపి లెక్కపెట్టి పొయ్యి కట్టేశాను. పచ్చి పప్పుతోనే చారు పెట్టాల్సి వచ్చింది.

ఆవిరిబండి:
పిన్నిగారి మాటలో నిజముంది, ఒప్పుకుంటున్నాను. ఏదీ మారనంతకాలం కూతలూ నిమిషాలూ ఒకటే. ఇక్కడ కుక్కరే మారింది కదా. పెద్ద కుక్కర్లో ఎక్కువ పప్పూ ఎక్కువ నీళ్ళూ పడతాయి, మొదటి విజిల్ రావడానికే చాలాసేపు పడుతుంది. కట్టేశాక ఆవిరి దిగడానికి ఇంకాసేపు. ఆ రెండుసార్లూ లోపల పప్పు ఉడుకుతూనే ఉంటుంది. అమ్మగారి నాలుగు విజిల్స్ వెనక దాదాపు అరగంట వేడి ఉంది. చిన్న కుక్కరు గబగబా వేడెక్కి గబగబా చల్లారిపోతుంది. కాబట్టి నిమిషాల లెక్క కూడా ఒక కుక్కరుది ఇంకోదానికి అచ్చంగా సరిపోదు. మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి పది పన్నెండు నిమిషాలు ఉంచండి, ఆవిరి దానంతటదే దిగనివ్వండి.

డెన్వర్_తెలుగు:
మా ఎలక్ట్రిక్ కుక్కరు అసలు కూతే వెయ్యదు, అమ్మ ఫోన్లో 'నాలుగు విజిల్స్' అంటే ఏం చెయ్యాలో చాలాకాలం అర్థం కాలేదు. పైగా మా ఊరు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, మామూలు గిన్నెలో నీళ్ళు 95 డిగ్రీలకే మరుగుతాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న కుక్కరు కూడా బయటి గాలి మీద అదనంగా అంతే ఒత్తిడి కడుతుంది కాబట్టి లోపల వేడి రెండు మూడు డిగ్రీలు తక్కువే. అందుకే ఇక్కడ ఏది వండినా కొంచెం ఎక్కువసేపు ఉంచుతాను.

గుత్తివంకాయ:
ఇంత గొడవెందుకు? పొయ్యి ఆపగానే గరిటెతో వెయిట్ పైకెత్తి ఆవిరి పోగొట్టి చూసుకోవడమే. ఉడక్కపోతే మళ్ళీ పెట్టడం.

ఆవిరిబండి:
పప్పుతో ఆ పని వద్దండీ, నురగ ఆవిరితోపాటు చిమ్ముతుంది. ఆ నురగే వెయిట్ కింది ఆవిరి గొట్టంలో అడ్డుపడుతుంది కూడా. అందుకే పప్పు పెట్టినప్పుడు కుక్కరు సగానికి మించి నింపకూడదు, ఒక చెంచా నూనె వెయ్యాలి. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ఎముకలు మెత్తబడేలా ఉడికించే పాత్ర చూపించాడు. అది పేలకుండా తర్వాత బరువుతో నొక్కి ఉంచే వాల్వు పెట్టాడు. అంటే ఆ బరువు పుట్టిందే ప్రాణం కాపాడటానికి, మనమే దాన్ని లెక్కల మాస్టర్ని చేశాం.

బోరునీళ్ళు:
కొత్తకాపురం గారూ, ఇల్లు మారామన్నారు. నీళ్ళూ మారాయా? ఎవరూ అడగలేదేంటి! బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే కందిపప్పు ఎన్ని విజిల్స్‌కీ లొంగదు. చింతపండు, టమాటా ముందే వేసినా అంతే, పులుపుకి పప్పు బిగుసుకుంటుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది. నేనైతే పప్పు అరగంట నానబెట్టి, తాగే నీళ్ళతో వండుతాను.

కొత్తకాపురం:
అవునండీ, ఇక్కడ బోరే! ఈరోజు రెండుసార్లు పెట్టి చూశాను. రెండుసార్లూ అరకప్పు పప్పు, నానబెట్టలేదు, మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో పన్నెండు నిమిషాలు. బోరు నీళ్ళతో పెట్టింది కాస్త మెత్తబడింది గానీ గుత్తికి ఇంకా తగులుతోంది. టిన్ను నీళ్ళతో పెట్టింది గరిటె తగలగానే చితికిపోయింది. అత్తగారికి చూపిస్తే, 'నీళ్ళ సంగతి నేను మొన్నే అనుకున్నాను' అన్నారు. అనుకోలేదు.

పప్పుగుత్తి:
పోనీలే అమ్మా, ఉడికింది కదా. ఆవిరిబండి నాయనా, నీ పన్నెండు నిమిషాలూ ఎక్కణ్ణుంచి మొదలయ్యాయి? మొదటి విజిల్ నుంచేగా?