తుపాకిరాముడు అంటే తిట్టేనా?

మొన్న మా నల్లగొండ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒక కార్టూన్ వచ్చింది. మైకుల ముందు ఒక నాయకుడు, చేతిలో కట్టె తుపాకి, "రేపు పొద్దుగాల యుద్ధమే" అంటున్నాడు. కింద ఒక్కటే మాట: తుపాకిరాముడు. గంట తిరగకముందే లొల్లి మొదలైంది. సైనికులను అవమానించారని కొందరు, ఆయనకు అదే సరైన పేరని కొందరు. ఇద్దరు గ్రూపులోంచే వెళ్లిపోయారు. ఆ మాట ఎక్కడిదో మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

తుపాకిరాముడు అంటే ఇంటింటికీ తిరిగి కోతలు కోసి నవ్వించే వేషగాడు. మా చిన్నప్పుడు వడ్లు ఇంటికి చేరే రోజుల్లో వచ్చేవాడు. ఖాకీ అంగీ, నెత్తిమీద టోపీ, మెడలో ఈల, ఛాతీ మీద పతకాల్లాగా సోడా మూతలు. పగిలిన కట్టె తుపాకికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. మా అరుగు ముందు సెల్యూట్ కొట్టి, "రాత్రి ఢిల్లీ మీదికి దండు తోలిన దొరా, తొవ్వల దోమ కుడితే వాపస్ వచ్చిన" అన్నట్టు దంచేవాడు. మా నాయనమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని చాటెడు వడ్లు పోసేది. ఆమె రజాకార్ల కాలం చూసిన మనిషి. నిజం తుపాకి అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ వేషానికే పిట్టలదొర, లత్కోర్ సాబ్ అని కూడా పేర్లు. లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. హరాంఖోర్‌లో ఉన్న ఖోరే ఇది. పక్కన గౌరవంగా 'సాబ్' చేర్చడంలోనే ఉంది అసలు దెబ్బ. అది తగిలేది అధికారం చూపించే దొరకు, సరిహద్దులో నిలబడ్డ సిపాయికి కాదు.

మహబూబ్‌నగర్ మిత్రుడి జవాబు:
ఇప్పుడు అందరూ కోతలరాయుడు అనే అర్థంలోనే వాడుతున్నరు కదా అన్నా. వాడుక మారితే తప్పేంది?

నా జవాబు:
మారడం తప్పు కాదు తమ్ముడూ. కానీ యుద్ధం పేరుతో కోతలు కోసేవాళ్లకు మనకు వేరే మాట ఉంది, ఉత్తరకుమారుడు. విరాటపర్వంలో అతను అంతఃపురం ఆడవాళ్ల ముందు ప్రగల్భాలు పలికి, కౌరవ సేన కనబడగానే రథం దూకి పారిపోతాడు. బృహన్నల వెంటపడి పట్టుకోవాల్సి వచ్చింది. అతను తన మాటలు తానే నమ్మాడు. తుపాకిరాముడు నమ్మడు, మనల్నీ నమ్మమనడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు కాబట్టే ఆ నవ్వు. ఎవరి కొడుకునూ యుద్ధానికి పంపకుండా, చాటెడు వడ్లు తీసుకుని పక్కింటికి పోతాడు.

ఆ బొమ్మ కింద ఉత్తరకుమారుడు అని ఉంటే నాకు పేచీ లేదు. అలంపూర్, కొల్లాపూర్ దిక్కు ఈ వేషగాళ్లు చెప్పే కోతలు ఎవరికైనా గుర్తుంటే, వాళ్ల యాసలోనే ఇక్కడ రాయండి.