తీరా చూస్తే అదీ కేసే: ఒక ముసలి డిటెక్టివ్ మాటకి తెలుగు

డాలస్ నుంచి: అందరికీ నమస్కారం. అమ్మానాన్నల కోసం 'బార్నీ మిల్లర్' అనే పాత అమెరికన్ కామెడీ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. 1975 నుంచి 1982 దాకా ఏబీసీలో వచ్చింది. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఒక పోలీస్ స్టేషన్, కథ దాదాపు అంతా డిటెక్టివ్‌లు కూర్చునే ఒకే గదిలో. 1976 నాటి 'హ్యాష్' ఎపిసోడ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. వోజో అనే కుర్ర డిటెక్టివ్ తన గర్ల్‌ఫ్రెండ్ చేసిన బ్రౌనీలు స్టేషన్‌కి తెస్తాడు. స్టాఫ్ తలో ముక్క నోట్లో వేసుకుంటారు. వాటిలో హషీష్ కలిసిందని తర్వాత బయటపడుతుంది. అప్పుడు ఫిష్ అనే పెద్దాయన అంటాడు: ఇరవై ఏళ్లలో తనకు నిజంగా హాయిగా అనిపించింది ఇదే మొదటిసారి, అదీ చట్టం ఒప్పుకోనిదే అయింది అని. ఇంగ్లిష్‌లో ఆ చివరి మాట "it has to be illegal". కంప్యూటర్‌ని అడిగితే "అది చట్టవిరుద్ధం కావాలి" అని ఇచ్చింది. అమ్మ చదివి "ఎవరికి కావాలమ్మా?" అంది.

విజయనగరం నుంచి: అమ్మగారు సరిగ్గానే అడిగారు. ఇంగ్లిష్‌లో అక్కడున్నది కోరికా కాదు, ఆజ్ఞా కాదు. "పోయి పోయి ఇదే అవ్వాలా" అనే ఉసూరు. దానికి మనకి చక్కటి మాట ఉంది: తీరా. "తీరా వెళ్తే తాళం వేసుంది", "తీరా వండాక చుట్టాలు రాలేదు". 'తీరు' అంటే పూర్తవడం కదా, పని అంతా అయ్యాక, ఆశ పెట్టుకున్నాక, చివర్లో తగిలే దెబ్బని ఆ ఒక్క మాట మోస్తుంది. "ఇరవై ఏళ్లకి ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అదీ కేసే." 'చట్టవిరుద్ధం' వద్దు. అది పేపర్లో హెడ్డింగ్. స్టేషన్లో పనిచేసే మనిషి కేసు అంటాడు, సెక్షన్ అంటాడు.

వరంగల్ నుంచి: తీరా బాగుంది సార్. మా దిక్కు "తీర జూస్తె" అంటం. కానీ చివరికి 'అట' పెట్టాలె. "తీర జూస్తె గదీ కేసేనట." పోలీసు నౌకరీలనే ముసలోడైన మనిషి, చట్టం సంగతి పక్కింటోళ్లు చెప్తే విన్నట్టు మాట్లాడితే నవ్వు అక్కడ పుడుతది.

విజయనగరం నుంచి: మంచి మాటే గానీ ఒక అనుమానం. 'ట' చేరిస్తే కొంచెం దెప్పుడు వస్తుంది, "వాళ్లకి కుదరదట!" అన్నట్టు. ఫిష్ ఎవరినీ దెప్పడు. ఆ వేషం వేసిన ఏబ్ విగోడా 1972లో 'గాడ్‌ఫాదర్'లో టెస్సియోగా నటించినాయనే. ముఖంలో ఒక్క గీత కదలకుండా చెప్తాడు. రిటైర్మెంటు దగ్గరపడి, ఒంట్లో బాగాలేదని మూలుగుతూ, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తే పాత్ర. ఈ ఒక్కరోజే ఆయన కీళ్లు ఆయన మాట విన్నాయి. అందుకే 'ట' లేకుండా, ఆశ్చర్యార్థకం లేకుండా, చదునుగా ఉంచమంటాను. సబ్‌టైటిల్స్‌లో ప్రతి జోకు చివరా ఆశ్చర్యార్థకం గుచ్చడం ఒక జబ్బైపోయింది.

వరంగల్ నుంచి: ఆశ్చర్యార్థకం నాకూ వద్దు. 'అట' మాత్రం ఇడువ.

డాలస్ నుంచి: ఇద్దరికీ థాంక్స్ అండీ. ఆ సీన్లో మిగతావాళ్లని చూసి నేను "అందరికీ మత్తెక్కింది" అని రాశాను. అదైనా సరిపోతుందా?

గుంటూరు నుంచి: సరిపోదమ్మా. మత్తు మనిషిని కిందికి లాగుతుంది. ఆపరేషన్ ముందు ఇచ్చేది మత్తు, మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక కమ్మేది మత్తు. "మత్తులో జోగుతున్నాడు" అంటాం, "మత్తులో గెంతుతున్నాడు" అనం కదా. ఇక్కడ వీళ్లు తేలిపోతున్నారు, కిసుక్కున నవ్వుతున్నారు. అది కైపు. అరబ్బీ 'కైఫ్' ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చింది, ఆ మాటలో సుఖం అనే అర్థం కూడా ఉంది. నిషా కూడా నడుస్తుంది గానీ పక్కన సీసా కనబడుతుంది. ఇవాళ్టి పిల్లలైతే 'కిక్కు' అంటారు. 1976 నాటి ముసలాయన చుట్టూ ఆ మాట అతకదు. "అందరికీ కైపెక్కింది" అని రాయి.

విజయనగరం నుంచి: కైపుకి నా ఓటు. ఎపిసోడ్ పేరు సంగతి కూడా తేల్చండి. ఇంగ్లిష్‌లో హ్యాష్ అంటే హషీషే కాదు, మాంసం, బంగాళాదుంపలు సన్నగా తరిగి వేయించే వంటకం కూడా. తినుబండారంలో కలిసిన సరుకు గురించి కథ కాబట్టి ఆ పేరుకి రెండు వైపులా పదును. తెలుగులో ఆ రెండూ ఒక మాటలో ఇమడవు.

వరంగల్ నుంచి: 'భంగు' పెడితే?

గుంటూరు నుంచి: తినే సరుకు కాబట్టి ఆశ పుడుతుంది గానీ కుదరదు నాయనా. భంగు ఆకుతో చేసేది. హషీష్ అదే మొక్క జిగురు, మన చరస్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చరస్‌ని, పూత కంకుల గంజాయిని నిర్వచనంలో చేర్చి, విడి ఆకుని బయట వదిలేసింది. భంగు అని పెడితే చూసేవాళ్లు హోలీ అనుకుంటారు, ఫిష్ చెప్పే "అదీ కేసే" కాస్తా తేలిపోతుంది. మన్యం వార్తల్లో 'హాష్ ఆయిల్' అని చదివి చదివి ఆ మాట అందరికీ తెలిసిందే. పేరు అలాగే ఉంచు.

డాలస్ నుంచి: సరే అండీ, పేరు హ్యాష్, మాట కైపు. 'ట' పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి రాసి ఇద్దరికీ పంపుతాను. బ్రౌనీల్ని ఏమనాలి మరి? నాన్న "చాక్లెట్ కేకు ముక్కలు" అంటున్నారు.

గుంటూరు నుంచి: బ్రౌనీలు బ్రౌనీలే. మా మనవరాలు స్విగ్గీలో ఆ పేరుతోనే తెప్పిస్తుంది.