దూర ప్రయాణంలో నడుం పట్టేస్తోంది: సీటు ఎలా సర్దాలి, దిండు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
త్వరలో ఏడెనిమిది గంటలు కారు నడపాల్సి ఉంది. రెండు గంటలు దాటితే చాలు, సరిగ్గా ప్యాంటు బెల్టు పెట్టుకునే చోట నడుం పట్టేస్తుంది. మెత్తటి దిండు పెడితే ఇంకా ఎక్కువవుతోంది. సీటు ఎంత వాల్చాలి, దిండు ఎంత మందం ఉండాలి? క్లచ్ ఉన్న బండి, సీటు ఎత్తు మార్చుకోవచ్చు.

జవాబు 1:
దిండు సంగతి తర్వాత చూద్దామండీ. ముందు పిరుదులు సీటు మూలకి పూర్తిగా ఆనాలి. అక్కడ నాలుగు వేళ్ల సందున్నా కటి (తుంటి ఎముకల గూడు) వెనక్కి ఒరిగిపోతుంది, నడుముకి ఉండాల్సిన వంపు పోయి వీపు గూనిలా వంగుతుంది. డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) ముందువైపు నొక్కుకుపోతుంది, వెనకవైపు లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టే పట్టీలు) గంటల తరబడి సాగుతూనే ఉంటాయి.

ముందు ఎత్తు సర్దండి. తుంటి మోకాలికి సమానంగా గానీ, కాస్త పైకి గానీ ఉండాలి. తర్వాత క్లచ్ అడుగంటా తొక్కి చూడండి, అప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు పూర్తిగా చాస్తే గాని అందడం లేదంటే, గేరు మార్చిన ప్రతిసారీ ఎడమ పిరుదు ముందుకు జారుతుంది. చాలామందికి నొప్పి ఒకవైపే రావడానికి ఇదో కారణం. ఆ తర్వాత వీపు పలకని 100 నుంచి 110 డిగ్రీల మధ్య వాల్చండి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి.

జవాబు 2:
పై వరుస సరైనదే. ఒక్కమాట: 110 దాటి వాలిస్తే రోడ్డు చూడటానికి తల ముందుకు వస్తుంది, నొప్పి నడుం నుంచి మెడకి మారుతుంది.

మెత్తటి దిండు పది నిమిషాల్లో అణిగిపోతుంది. పైగా చాలామంది దాన్ని పక్కటెముకల దగ్గర పెడతారు, దాంతో కటి ఇంకా ముందుకు జారుతుంది. స్నానపు తువ్వాలుని గట్టిగా చుట్టి, ఆనుకున్నాక 4 సెంటీమీటర్ల మందం మిగిలేలా చూసుకుని, బెల్టు గీతకి కొంచెం పైన పెట్టండి. అరగంటలోపే అది గుచ్చుకుంటోందంటే మందం ఎక్కువైనట్టే, ఒక మడత తీసేయండి. తువ్వాలు పెట్టాక మీరు ముందుకు వస్తారు కాబట్టి సీటు మళ్లీ వెనక్కి జరపాలి. ఇది దాదాపు అందరూ మర్చిపోతారు.

వెనక జేబులో పర్సు, ఫోను ఉంచకండి. ఒక పిరుదు ఎత్తుగా ఉంటే కటి పక్కకి ఒరుగుతుంది, కాల్లోకి దిగే నరం మీద ఒత్తిడి పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కుడి జేబులో పర్సు ఉంటుంది, తీసేస్తాను. మరి మధ్యలో ఎంతసేపటికి ఆగాలి?

జవాబు 3:
గంటన్నర మించకండి, నొప్పి మొదలయ్యేదాకా చూడొద్దు. దిగేటప్పుడు నడుం మెలిపెట్టకుండా రెండు కాళ్లూ బయటికి తిప్పి, నేలమీద ఆన్చి లేవండి. ఐదు నిమిషాలు నడిచి, చేతులు నడుం మీద పెట్టుకుని ఐదారుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. అలా వంగితే నొప్పి కాల్లోకి పాకుతుంటే మాత్రం మానేయండి.

దిగీ దిగగానే డిక్కీలోంచి సూట్‌కేసు ఎత్తడం అన్నిటికన్నా ప్రమాదం. సాగిన లిగమెంట్లు అప్పటికింకా బిగుసుకోవు. కాసేపు నడిచాక, పెట్టెని అంచుదాకా లాగి, ఒంటికి దగ్గరగా పట్టుకుని దించండి.

చిన్న కిటుకు: నిటారుగా కూర్చున్నప్పుడే లోపలి అద్దం సర్దుకోండి. తర్వాత అందులో కారు వెనక కిటికీ పూర్తిగా కనిపించడం లేదంటే మీరు జారినట్టే. సరిచేయాల్సింది కూర్చోవడాన్ని, అద్దాన్ని కాదు.

టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంతే ఉంచండి. ఎక్కువ కొడితే ప్రతి గతుకూ నేరుగా వెన్నుకే తగులుతుంది.

జవాబు 4:
పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా సీటు సర్దుకుంటూ కూర్చోకండి. ప్రయాణం ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.