పూజలో పాడేది మేమే, వినేది సభ: మార్పును ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి, గాయక బృంద సభ్యురాలు)

అందరికీ ప్రభు నామమున వందనాలు. నేను పదిహేనేళ్లుగా మా కతోలిక విచారణ (ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘం) గాయక బృందంలో, ఆదివారపు దివ్యపూజలో పాడుతున్నాను. నా చిన్నతనంలో మా గుడిలో ఒక హార్మోనియం, ఒక డోలక్, రెండు జతల తాళాలు మాత్రమే ఉండేవి. ఉపదేశి గారు (గుడిలో బోధించే పెద్ద) పల్లవి ఎత్తుకుంటే, ఊడ్పులకు వెళ్లి అలసిన ఆడవాళ్లు, అక్షరం రాని ముసలివాళ్లు కూడా చరణాలతో సహా అందుకునేవారు. ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్, నాలుగు మైకులు, కాలువ అవతలి గట్టు దాకా వినిపించే స్పీకర్లు వచ్చాయి. మా పిల్లలు ఎంతో శ్రద్ధగా సాధన చేస్తారు, వారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కాని ప్రవేశ గీతం నుంచి చివరి పాట వరకు ఏడెనిమిది పాటలు మేమే పాడుతున్నాము, సభ, అంటే పూజకు వచ్చిన జనం, నిలబడి వింటున్నది. భక్తికీర్తనను (పూజలో వచ్చే బైబిలు కీర్తన) గబగబా చదివేస్తున్నాము. మహిమ గీతానికి ('గ్లోరియా' అనే ప్రాచీన స్తోత్రం) బదులు అందులోని ఒకటి రెండు మాటలు మాత్రమే ఉన్న వేరే పాట పాడుతున్నాము. మొన్న ఆదివారం ఒక పెద్దావిడ నా చేయి పట్టుకొని, "నాకూ పాడాలని ఉంటుందమ్మా, కాని నా గొంతు నాకే వినబడడం లేదు" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. పాటలు మార్చాలా, వాయిద్యాలు తగ్గించాలా, మరేదైనా చేయాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (తాడేపల్లిగూడెం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, మీరు పాటల ఎంపికతో కాకుండా పూజ మాటలతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. పూజలో పాటలు పాడడం వేరు, పూజనే పాడడం వేరు. రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సమావేశం) 1963 డిసెంబరు 4న దైవార్చన గురించి వెలువరించిన సంవిధానం ప్రజల పాటను శ్రద్ధగా పెంపొందించాలని చెప్పింది. దాన్ని ఎలా అమలు చేయాలో 1967 మార్చి 5న వచ్చిన 'మూసికాం సాక్రం' అనే సూచన వివరించింది. అందులో పాడదగిన భాగాలను మూడు మెట్లుగా పెట్టారు. మొదటి మెట్టులో గురువుకూ (పూజ చేసే ఫాదర్ గారికీ) సభకూ మధ్య నడిచే పలకరింపులు, సువిశేషం (యేసు చరిత్ర చెప్పే బైబిలు భాగం) చదివే సమయపు జవాబులు, కృతజ్ఞతా ప్రార్థనకు (అప్పాన్నీ ద్రాక్షరసాన్నీ ఆశీర్వదించే ప్రధాన ప్రార్థన) ముందు వచ్చే సంభాషణ, 'పరిశుద్ధుడు' అనే స్తుతి, పరలోక ప్రార్థన, ముగింపులో పంపివేసే మాటలు ఉన్నాయి. 'ప్రభువా, కనికరించండి', మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, 'దేవుని గొర్రెపిల్ల' రెండవ మెట్టులో వస్తాయి. మనం ఎక్కువ సమయం వెచ్చించి సాధన చేసే ప్రవేశ గీతం, కానుకల పాట, సత్ప్రసాద గీతం (ఆశీర్వదించిన అప్పం స్వీకరించేటప్పటి పాట) మూడవ మెట్టులో ఉన్నాయి. మొదటి మెట్టును విడిగా పాడవచ్చు గాని, అది లేకుండా రెండవదాన్నీ మూడవదాన్నీ పాడరాదని ఆ పత్రం స్పష్టంగా చెబుతుంది. మన గుళ్లలో చాలా చోట్ల జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు: మూడవ మెట్టు అంతా పాట, మొదటి మెట్టు అంతా వచనం. సభ మౌనంగా ఉండిపోవడానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే "మీకును తోడైయుండునుగాక" వంటి నాలుగు మాటలను రాగంతో పలకడానికి ఎవరికీ పుస్తకం అక్కరలేదు, సాధన అక్కరలేదు.

మహిమ గీతం సంగతి కూడా చెప్పాలి. దాని పాఠాన్ని మరొక పాఠంతో మార్చకూడదని పూజా గ్రంథపు సాధారణ సూచనలు అంటాయి, 'దేవుని గొర్రెపిల్ల' విషయంలోనూ అంతే. భక్తికీర్తనను, కనీసం సభ చెప్పే జవాబునైనా, పాడడమే మేలని అవే సూచనలు చెబుతాయి. ముందుగా మీ విచారణ గురువులతో కూర్చొని మాట్లాడండి. ఆయన పాడనిదే మొదటి మెట్టు కదలదు.

జవాబు 2 (నరసాపురం నుంచి, హార్మోనియం వాయించేవాడిని)

మాస్టారు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, గొంతుకు సంబంధించిన విషయం ఒకటి చెబుతాను. బృందంలోని ఆడపిల్లలు ఐదు, ఐదున్నర శ్రుతిలో (హార్మోనియం మీద ఎత్తైన స్థాయి) హాయిగా పాడతారు, మగపిల్లలు పై షడ్జం (పై 'స') దాటి పాడి తమ సత్తా చూపాలనుకుంటారు. ఆ రెండు శ్రుతులలోనూ అరవై ఏళ్ల మనిషి పాడలేడు. నేను సభ పాడవలసిన ప్రతి పల్లవినీ ఒకటి శ్రుతికి దించి, పై షడ్జం వరకు, మహా అయితే పై రిషభం ('రి') వరకు ఉండేటట్లు చూసుకుంటాను. సభ జవాబు చెప్పే చోట మైకులన్నీ ఆపించి, ముందు పాడే ఒక్కరి మైకు మాత్రం ఉంచమంటాను, ఆ ఒక్కరూ జవాబు అందించి వెనక్కి జరగాలి. మీ ఊరి పెద్దావిడ బాధకు సగం మందు అక్కడే దొరుకుతుంది.

ఇక భక్తికీర్తన. దీన్ని తాళంలో ఇరికించబోయి మనం దాన్ని పాడలేనిదిగా చేసుకున్నాము, ఎందుకంటే కీర్తన పాదాలు ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగా ఉంటాయి. రోమను శ్రీసభ గ్రెగోరియను గానంలో కీర్తనలకు తాళం లేదు. ఒకే స్వరం మీద మాటలు నడుస్తాయి, పాదం చివర మాత్రం రాగం తిరుగుతుంది. మనకు ఇది పరాయి సంగతి కాదు. నాటకాలలో పద్యం విని పెరిగిన గోదావరి వాళ్లకు తాళం లేకుండా మాటను రాగంలో నడపడం, పాదం చివర దాన్ని నిలపడం పుట్టుకతో వచ్చిన విద్య. కాబట్టి జవాబుకు మోహన వంటి ఐదు స్వరాల రాగంలో రెండు చిన్న పాదాల పల్లవి కట్టండి, చరణాలను ఒక్కరే పద్యంలాగా, అయితే సాగదీయకుండా, మాట స్పష్టంగా వినబడేటట్లు చదవండి. డోలక్ పల్లవికి మాత్రమే పలకాలి. నేను 23వ కీర్తనతో మొదలుపెట్టాను, మూడు వారాలకు సభ నాకంటే ముందే పల్లవి అందుకుంది. ఆయా దేశాల ప్రజలకు సొంతమైన సంగీత సంప్రదాయాలకు తగిన స్థానం ఇవ్వాలని మాస్టారు గారు చెప్పిన ఆ 1963 పత్రమే అంటున్నది, అది చదివిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

జవాబు 3 (తణుకు నుంచి, కీబోర్డు వాయిస్తాను)

అక్కా, నేను కూడా గురువు గారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తున్నంతసేపూ వెనుక మెల్లగా స్వరాలు వాయిస్తూ ఉండేవాడిని. భక్తి పెరుగుతుందని నిజంగా నమ్మి చేశాను. గురువు పలికే ఆ ప్రార్థనల సమయంలో పాటలూ వాయిద్యాలూ మౌనంగా ఉండాలని మా ఫాదర్ గారు పుస్తకం తెరిచి చూపించారు, ఆ రోజే మానేశాను. తపస్కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) వాయిద్యం పాటకు ఊతంగా మాత్రమే ఉండాలన్నది కూడా అప్పుడే తెలిసింది. ఆ కాలపు నాలుగవ ఆదివారానికీ మహోత్సవాలకూ ఆ నియమం వర్తించదు. మార్చి 25న మంగళవార్త మహోత్సవం (దేవదూత మరియమ్మకు యేసు పుట్టుక వార్త చెప్పిన పండుగ) తపస్కాలంలో వచ్చినా మహిమ గీతం పాడతాము, వాయిద్యాలు నిండుగా మోగిస్తాము.

ఒక్క మనవి. కుర్రవాళ్ల చేతిలోని వాయిద్యాన్ని ఒక్కసారిగా లాగేసుకోకండి. రిథమ్ ప్యాడ్ వాయించే పిల్లవాడికి తాళాలు ఇచ్చి సభ మధ్యలో నిలబడమంటే అతడే పదిమంది చేత పాడిస్తాడు. మా దగ్గర అలాగే జరిగింది.

ప్రశ్న అడిగినవారి జవాబు

మాస్టారు గారికి, అన్నయ్యకు, తమ్ముడికి కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఫాదర్ గారిని కలిశాను. తన గొంతు బాగుండదని మొదట సంకోచించారు, ఒకే స్వరం మీద పలికితే చాలని అన్నయ్య రాసినది చూపించాక ఒప్పుకున్నారు. ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు వచ్చే కాలం) ఆదివారాలలో మహిమ గీతం ఉండదు కనుక, ఆ నాలుగు వారాలూ పూజకు ముందు ఐదు నిమిషాలు సభకే దాన్ని నేర్పి క్రిస్మస్ రాత్రి అందరి చేత పాడించాలని అనుకున్నాము. వరి కోతల రోజులు కావడంతో జనం ఆలస్యంగా వస్తారు, ఆ ఐదు నిమిషాలు దొరకడమే మాకు కష్టం. అన్నయ్యా, మహిమ గీతం చాలా పొడవు గదా, దానికి కూడా పద్యం పద్ధతి కుదురుతుందా, లేక సభకు మధ్య మధ్యలో వచ్చే పల్లవి ఏదైనా పెట్టవచ్చా? పాఠం మారకూడదన్నారు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు 2 రాసినవారు

పాఠాన్ని ఉన్నది ఉన్నట్లే ఉంచి, బృందం ఒక పాదం, సభ ఒక పాదం మార్చి మార్చి పాడండి. అలా పాడడానికి పూజా గ్రంథపు సూచనలలోనే అనుమతి ఉంది. మొదటి వారం మొదటి నాలుగు పాదాలే నేర్పండి. శ్రుతి ఒకటి దాటనివ్వకండి.